చిల్లు మూయని ఏడు

గోదారికి ఎర్రనీరు దిగకముందే నాకు చేయవలసిన పనులు ఇవి. ముందు ఒడ్డుకు లాగి బోర్లించాలి. అడుగున పట్టిన నాచునీ గుల్లల్నీ గీకి పారేయాలి. ఒళ్ళంతా పెళపెళలాడేదాకా ఎండనివ్వాలి. పలకల సందుల్లో కుళ్ళిన దూది పీకి కొత్త దూది కూరాలి. గుగ్గిలం దంచి నూనెలో కాచి, వేడి చల్లారకముందే పూయాలి. తుప్పు మేకులు మార్చాలి. గూడకి కొత్త తాళ్ళు కట్టాలి. ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టాలి. వీటన్నిటికంటే ముఖ్యం, నడిమి పలకలో ఉన్న చిల్లుకి కొత్త బిరడా కొట్టాలి.

ఆ ఏడు వీటిలో ఒక్క పనీ జరగలేదు. జరగలేదు కాబట్టే ఒక తుపాకీ పేలలేదు.

నేను ఒక పడవను. యానాం రేవుకీ అవతలి ఎదుర్లంకకీ నడుమ గౌతమి పాయ మీద రెండు తరాల మనుషుల్ని దాటించాను. ఇప్పుడు నన్ను చూసేవాళ్ళు నాకు నోరు లేదనుకుంటారు. అనుకోనివ్వండి. నోరున్న వాళ్ళు చెప్పిన చరిత్ర చాలా విన్నాను. నా వంతు వచ్చింది, చెబుతాను.

తాళ్ళరేవులో పుట్టాను. పైన అడవుల్లో కొట్టిన టేకు దుంగలు గోదారి మీద తెప్పలుగా దిగివచ్చేవి. నా నడిమి పలక తీసిన దుంగకి ఒకప్పుడు కొమ్మ మొలిచిన చోట గుండ్రటి కన్ను ఉంది. నన్ను చేసిన వడ్రంగి చిట్టియ్య ఆ కన్నుని చూశాడు, వేలితో నొక్కాడు, అది కాస్త కదిలింది కూడా. "ఊడేనాటికి నేనుండను లే" అనుకుని పలక బిగించేశాడు. నన్ను నీళ్ళలోకి తోసిన పూటే, కొబ్బరికాయ కొట్టిన చెయ్యి ఇంకా ఆరకముందే, ఆ కన్ను ఊడి నీళ్ళు ఊటబావిలోలాగా పైకి తన్నాయి. చిట్టియ్య అక్కడే ఉన్నాడు. అందరికంటే ముందు ఆశ్చర్యపోయింది కూడా అతనే.

ఆ పూటనుంచీ నా పేరు చిల్లుపడవ.

నన్ను చేయించుకున్న ధాన్యం వ్యాపారి మొదట చిల్లుకి కొయ్య బిరడా కొట్టించి సరిపెట్టుకున్నాడు. కానీ అడుగు వరస బస్తాలు ఎప్పుడూ తడిసేవి. ఒకసారి అవతలి గట్టుకి చేరేసరికి వడ్లు మొలకెత్తి బస్తాల్లోంచి పచ్చగా తొంగి చూశాయి. వ్యాపారి నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి బాగుండవు. అదే వారం నన్ను కామాడి పేరయ్యకి అమ్మేశాడు.

పేరయ్య యానాం రేవులో పడవ నడిపేవాడు. అతను నా చిల్లుని తిట్టలేదు. దానికో ఉపాయం చేశాడు. పొలాల్లో ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, చెరో జత తాళ్ళు పట్టుకుని, బుట్టతో కాలవ నీళ్ళు చేలోకి విసురుతారు చూడండి, ఆ బుట్టని గూడ అంటారు. పేరయ్య పాత కిరసనాయిలు డబ్బా కోసి చిన్న గూడ తయారు చేశాడు. నాలో ఊరిన నీటిని అలా తోడించేవాడు. గూడతో చిక్కేమిటంటే, ఒక్కడివల్ల కాదు. ఇద్దరూ ఒకేసారి వంగాలి, ఒకేసారి వెనక్కి వాలాలి. ఒకరు తొందరపడితే నీళ్ళన్నీ రెండోవాడి ముఖాన పడతాయి.

దాంతో పేరయ్య ఒక ఆచారం పెట్టాడు. నాలో కూర్చుని ఎవరైనా తగువుపడితే వాళ్ళిద్దరికీ గూడ అప్పగించేవాడు. అత్తాకోడళ్ళు, గట్టు తగాదా ఉన్న రైతులు, సంతలో చేపల ధర దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకున్న ఆడవాళ్ళు, అందరూ పట్టారు. పడవ తోసే గెడ ఎవరి చేతిలో ఉంటే పడవలో వాళ్ళ మాటే చెల్లాలి. అది అన్ని పడవలకీ ఉన్న కట్టుబాటే. గూడ మాత్రం ఒక్క నాలోనే. ఏ కోర్టులో నిలబడినా తేలని తగువులు కొన్ని నా అడుగు ఆరేలోపు తేలడం నేను చూశాను. తేలనివీ ఉన్నాయి. కానీ తడిసిన మనిషి కోపం పొడి మనిషి కోపంలాగా ఉండదు.

పేరయ్యకి ఇద్దరు పిల్లలు, నూకరత్నం, ఆమె తమ్ముడు ధర్మయ్య. గెడ కొడుక్కి రావాలి. కానీ ధర్మయ్యకి పరాసు సిపాయిల ఎర్ర టోపీ మీద మనసు. పరాసులంటే ఫ్రెంచివాళ్ళు. దేశమంతా ఇంగ్లీషువాళ్ళు ఏలినప్పుడు మా యానాం పరాసువాళ్ళ ఏలుబడిలో ఉండేది. నేను ఒక గట్టున ఒక ప్రభువుకి సలాము కొట్టి, అవతలి గట్టున ఇంకో ప్రభువుకి సలాము కొట్టేదాన్ని. నడుమ నీళ్ళలో మాత్రం ఎవరికీ కొట్టలేదు.

ధర్మయ్య టోపీ పెట్టుకున్నాడు. పేరయ్య గెడ తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు. రేవులో మగవాళ్ళు నవ్వారు. నూకరత్నం గెడని నేలకి తాటించి, "నవ్వినోళ్ళు ఈదుకుంటా ఎల్లండి" అంది. ఆ పూట ఎవరూ ఈదుకుంటూ వెళ్ళలేదు. నోళ్ళు మూసుకుని ఎక్కారు.

ఆమె మొగుడు బంగారయ్య ఎదుర్లంక మనిషి, ఇల్లరికం వచ్చాడు. మాటకారి, గట్టి గొంతు, ముక్కుమీద కోపం. వచ్చిన కొత్తలో బావమరిదితో రోజుకో గొడవ. వలలు ఎవరు ఆరబెట్టాలి అన్నదగ్గర మొదలై, తాతలనాటి సంగతుల దాకా వెళ్ళేది. పేరయ్య ఇద్దరికీ గూడ ఇచ్చేవాడు. తిట్టుకుంటూనే తోడేవాళ్ళు. తోడుతూ తోడుతూ తిట్లలో కొత్తవి దొరక్క నవ్వేవాళ్ళు. పేరయ్య పోయాక ఆ ఇద్దరికీ గూడ ఇచ్చేవాళ్ళు లేకపోయారు.

ఇంకొకాయన గురించి కూడా చెప్పాలి. గ్రాంజే మాస్టారు. పరాసు బడిలో పాఠాలు చెప్పి, చెప్పడం అయిపోయాక కూడా స్వదేశానికి వెళ్ళకుండా యానాంలోనే ఉండిపోయిన ముసలి దొర. ఎదుర్లంక పెరుగు లేనిదే ఆయనకి అన్నం దిగదు. రోజూ ఇత్తడి తపేలా పట్టుకుని నాలో కూర్చునేవాడు. తెలుగుని పుస్తకాల్లో చదివి నేర్చుకున్నాడు. కుక్కని అదిలించినా "మీరు దయచేసి తప్పుకోండి" అనేవాడు.

ఇంగ్లీషువాళ్ళు దేశం విడిచి వెళ్ళిపోయారు. యానాంలో పరాసు జెండా మాత్రం అలాగే ఎగురుతూ ఉంది. కొన్నేళ్ళు గడిచాయి. ఊళ్ళో గుసగుసలు మాటలయ్యాయి, మాటలు ఊరేగింపులయ్యాయి. మనం కూడా ఇండియాలో కలవాలని సగంమంది. మనకిక్కడ బాగానే ఉంది, ఎందుకు కలవాలని మిగతావాళ్ళు. చివరికి ఊరి చుట్టూ ఇండియా చౌకీలు వెలిశాయి. బియ్యం రాదు, నూనె రాదు, గుగ్గిలం రాదు. నా పనులు ఆగిపోయింది అందుకే. పెద్ద పెద్ద దేశాలు పట్టుదలకి పోతే ముందు ఎండేది గుగ్గిలం కుండ అని నాకు అప్పుడు తెలిసింది. కొయ్య బిరడా కుళ్ళి ఊడిపోతే నూకరత్నం తన పాత చీర చింపి ముడివేసి ఆ చిల్లులో కుక్కింది.

బంగారయ్య ఎదుర్లంక వెళ్ళి ఉద్యమం శిబిరంలో చేరాడు. పడవ మనుషులందరికీ అతనే నాయకుడు. ధర్మయ్య యానాం రేవు కాపలాకి పెద్ద సిపాయి. నూకరత్నం ఇల్లు వదిలి నాలోనే వండుకుని, నాలోనే పడుకోవడం మొదలుపెట్టింది. రెండు గట్లూ ఆమెవే. రెండు గట్ల మీదా ఆమెకి నిలవ నీడ లేదు.

ఒక ఉదయం రేవులో ధర్మయ్య ఆమెతో చెప్పాడు. "అప్పా, పైనుంచి ఉత్తరువొచ్చింది. ఇయ్యాల సాయంత్రం పోటుకి లంకోళ్ళు ఇండియా జెండా అట్టుకుని దాటతారంట. రేవు మెట్టు మీద జెండాతో ఎవడు కాలెట్టినా పేల్చెయ్యమన్నారు."

"ఎవడైనానా?"

"ఎవడైనానే."

"ఆ ఎవడైనా నీ బావేరా, సచ్చినోడా."

ధర్మయ్య తల తిప్పుకున్నాడు. "నేను ఆళ్ళ కూడు తింటన్నాను. పేల్చనంటే నన్ను పేలుస్తారు. బావకి చెప్పుకో, ఆగమను."

ఆమె నన్ను ఎదుర్లంకకి తోసింది. బంగారయ్య శిబిరం ముందు నిలబడి ఎవరికో కర్రసాము చూపిస్తున్నాడు. పెళ్ళాన్ని చూసి కర్ర దించాడు.

"నేను మాటిచ్చేశానే. ముందు మెట్టెక్కేది నేనేనని ఇంతమంది ఎదర అనేశాను. ఇప్పుడు బామ్మర్దికి జడిసి ఆగితే లంకలో తలెత్తుకు తిరగ్గలనా?"

"తల మెడ మీదుంటే గదా మావా ఎత్తడానికి."

"ఆడు పేల్చడు."

"ఆడు నాన్న కొడుకు. ఒప్పుకున్న పని చేస్తాడు."

"అయితే పేల్చనీ. దేశానికి పోయిన పేణం ఊరికే పోదు."

నూకరత్నం అక్కడినుంచి కదిలింది. నా దగ్గరికి తిరిగి వచ్చి, గట్టున కూలబడి, కాసేపు గోదారిని చూసింది. ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. చెంగు నడుముకి దోపి లేచింది. ఆమె ముఖంలో ఆ నిమిషాన ఉన్నదాన్ని ధైర్యం అనలేను. విసుగు. మగవాళ్ళ మాట పట్టింపుల మీద పుట్టెడు విసుగు. రాజ్యాలు కూలింది చాలాసార్లు ఆ విసుగువల్లేనని నా నమ్మకం.

మళ్ళీ లంక శిబిరానికి వెళ్ళి మొగుడితో ఒక అబద్ధం చెప్పింది. "నా తమ్ముడు నీతో మాటాడాలంట. ఏటి నడుమకి దోనెలో ఒంటిగా రా." యానాం తిరిగివచ్చి తమ్ముడితో అదే అబద్ధం తిరగేసి చెప్పింది. "మీ బావ మాటాడతాడంట. నడుమ ఏట్లోకి రా." గ్రాంజే మాస్టారు అప్పటికే తపేలాతో రేవులో నిలబడి ఉన్నాడు. ఆయన్నీ ఎక్కించుకుంది. ధర్మయ్య తుపాకీతో ఎక్కబోతే గెడ అడ్డం పెట్టింది.

"దాన్ని నా పడవలోకి తేకు."

"తుపాకీ ఒదిలి కదిలితే నా ఉజ్జోగం ఊడుద్దప్పా."

"అయితే కిందెట్టు. నడుం బల్ల కింద. నే చెప్పేదాకా ముట్టుకోకు."

ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆటు చివరికొచ్చి నీళ్ళు మెల్లగా సముద్రం వైపు జారుతున్నాయి. ఇంక కాసేపటికి పోటు మొదలవుతుంది. యానాం రేవులో సిపాయిలు, లంక గట్టున దోనెలు పట్టుకుని జనం, అందరూ మా వైపే చూస్తున్నారు. ఏటి నడుమ నూకరత్నం లంగరు వేసింది. బంగారయ్య దోనె వచ్చి నన్ను తగిలింది. అతను ఇటు దూకగానే ఆమె కాలితో ఒక్క తోపు తోసింది. దోనె తన దారిన తాను నీళ్ళవాలున వెళ్ళిపోయింది.

"ఏందే అది!"

"నీకిక దాంతో పని లేదు. కూకో."

బావా బావమరిదీ ఎదురెదురుగా కూర్చున్నారు. ఇద్దరూ రెండోవాడు మొదలుపెట్టాలని చూస్తున్నారు.

"చెప్పు మరి, పిలిచావంట" అన్నాడు బంగారయ్య.

"నేనెక్కడ పిలిచాను? నువ్వు గదా కబురెట్టావు!"

"నేనా? నీ టోపీకా?"

"పిలిసింది నేనే" అంది నూకరత్నం.

ఇద్దరూ లేచారు. నేను ఊగిపోయాను. బంగారయ్య లంక వైపు చెయ్యెత్తి కేకవేయబోయాడు. ధర్మయ్య బల్ల కింద తుపాకీ కోసం వంగాడు. ఆ క్షణంలో నూకరత్నం నా నడిమి పలక మీద మోకరించి, చిల్లులో కుక్కిన చీర ముడిని రెండు చేతులా పట్టి పీకి, ఏట్లోకి విసిరేసింది.

నీళ్ళు పైకి తన్నాయి. చిట్టియ్య రోజున తన్నినట్టే.

"నీకు మతిపోయిందా అప్పా!"

"పోతే మీ ఇద్దరివల్లే. మీకు ఈతొచ్చు, ఎల్లదల్చుకుంటే ఎల్లండి. మాస్టారికి రాదు. నాకొచ్చు గానీ నేను ఈదను. నాన్న పడవతో పాటే ఇక్కడే ఉంటాను. గూడ అదిగో."

గ్రాంజే మాస్టారు తన కాళ్ళ దగ్గరికి వచ్చిన నీటిని చూసుకున్నాడు. "అమ్మా, మీరు నన్ను ముందుగా అడగవలసింది."

"అడిగితే వచ్చేవోరా మాస్టారూ?"

"వచ్చేవాణ్ణి. ఇంతకంటే పెద్ద తపేలా తెచ్చుకునేవాణ్ణి." ఆ మాట అంటూనే తపేలాతో నీళ్ళు ఎత్తి పోయడం మొదలుపెట్టాడు.

నిజం చెప్పాలంటే నాకూ భయం వేసింది. పడవకి మునగడమంటే మనిషికి చావడంలాంటిదే. కానీ నా బతుకంతా ఆ చిల్లు పేరు పెట్టి నన్ను వెక్కిరించారు. ఆ రోజు అది నోరయింది. సిగ్గుపడలేదు. ఇంకా గట్టిగా తన్నమన్నాను నీళ్ళని.

ధర్మయ్య ముందు కదిలాడు. నాన్న పడవ కళ్ళముందు మునుగుతుంటే చూడలేకపోయాడు. గూడ తాళ్ళు ఒక వైపువి పట్టుకుని, "రా బావా, సూత్తావేంటి!" అన్నాడు. బంగారయ్య కాసేపు బిగుసుకున్నాడు. నీళ్ళు చీలమండ దాటాయి. "నీ అక్క మొండిది" అంటూ రెండో వైపు తాళ్ళు అందుకున్నాడు.

మొదటి విసురు ధర్మయ్య ముఖాన పడింది. రెండోది బంగారయ్య ముఖాన. ఒకడు జెండాని చొక్కా లోపల చుట్టుకుని వచ్చాడు, అది తడిసి పొట్టకి అంటుకుపోయింది. ఇంకొకడి తుపాకీ బల్ల కింద నీళ్ళలో నానుతోంది, తీయడానికి వాడికి చేతులు ఖాళీ లేవు. ఎన్నో విసురుకో చేతులకి పాత అలవాటు గుర్తొచ్చింది. ఇద్దరూ ఒకేసారి వంగారు, ఒకేసారి వాలారు. గూడ చప్పుడు సమంగా పడింది.

"నువ్వెప్పుడూ తొందరపడతావు బావా."

"నువ్వెప్పుడూ ఆలీసం. పెళ్ళికి కూడా ఆలీసంగానే వచ్చావు."

"జెండా ఇయ్యాల తేకపోతే ఏం పోద్ది?"

"నా మాట పోద్ది. అది మెట్టెక్కితే నీకేం పోద్ది?"

"నా మాట పోద్ది."

"మాటలు పోతే మళ్ళీ వత్తాయిరా" అంది నూకరత్నం, లంగరు తాడు మీద చెయ్యి వేసి. "మీరు పోతే రారు."

మాస్టారు ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. "మా తాతగారి రోజుల్లో పారిస్ నగరంలో జనం తిరగబడ్డారు. వీధులకి అడ్డంగా బండ్లు, మంచాలు, కుర్చీలు పేర్చి, వాటి వెనక నిలబడి పోరాడారు. మా తాతగారి కుర్చీ కూడా పట్టుకుపోయారు. అటువైపు వాళ్ళూ చచ్చారు, ఇటువైపు వాళ్ళూ చచ్చారు. ప్రభుత్వం మారింది. కుర్చీ మాత్రం తిరిగి రాలేదు. మా అవ్వ బతికినంతకాలం ఆ కుర్చీ గురించే అడిగేది. అందులో కూర్చునే పెద్దకొడుకు పేరు ఎత్తలేక."

గూడ ఆగలేదు. కానీ తిట్లు ఆగాయి.

"అంతకు చాలాకాలం ముందు సంగతి ఒకటి ఉంది" అన్నాడు మాస్టారు మళ్ళీ తపేలా ముంచుతూ. "మా రాజుకీ పక్కదేశం రాజుకీ ఎన్నో ఏళ్ళ యుద్ధం. సంధికి ఎవరి నేలమీద ఎవరు అడుగుపెట్టాలి? ఎవరూ ఒప్పుకోలేదు. ఆ రెండు దేశాల మధ్య ఒక ఏరు ఉంది. ఏటి నడుమ ఒక లంక ఉంది. అక్కడ గది కట్టారు. వీరు ఇటు తలుపులోంచి, వారు అటు తలుపులోంచి వచ్చి కూర్చున్నారు. ఎవరూ ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. యుద్ధం ఆగింది."

నూకరత్నం ఆయన్ని చూసింది. తరవాత నా ముక్కుని చూసింది. "లంక లేకపోతేనేం? పడవుంది గదా."

ఇద్దరూ తల ఎత్తారు.

"జెండా దాచక్కర్లేదు. మెట్టెక్కక్కర్లేదు. నా పడవ ముక్కున కడతాను. యానాం రేవు ఎదర మొలలోతు నీళ్ళలో లంగరేసుకుంటాను. జెండా యానాం వచ్చిందంటాడు మావ. మెట్టు మీద ఎవడూ కాలెట్టలేదంటావు నువ్వు. లంకోళ్ళు కర్రలు లంకలోనే ఒదిలేసి రావాలి. మీ వోళ్ళు తుపాకులు చావిట్లో పెట్టుకోవాలి. కాదన్నవాడు ఇప్పుడే చెప్పండి, గూడ వదిలేద్దురు గాని."

"మరి నీళ్ళు ఎవరియ్యంటే?" అన్నాడు ధర్మయ్య. "పైవాళ్ళు అడుగుతారు."

"నీళ్ళు నాన్నయ్యిరా."

ధర్మయ్య చేతులు ఒక్క క్షణం ఆగాయి. నీళ్ళు మళ్ళీ బంగారయ్య ముఖాన పడ్డాయి. ఈసారి బంగారయ్య తిట్టలేదు. నవ్వాడు. ముఖం తుడుచుకోకుండా, "సరేలేరా బామ్మర్దీ" అన్నాడు.

ఒప్పందం కుదిరింది గానీ చిల్లు అలాగే ఉంది. చీర ముడి ఎప్పుడో సముద్రం దారి పట్టింది. ధర్మయ్య తన ఎర్ర టోపీ తీసి చూసుకున్నాడు. ఎంత ఇష్టపడి పెట్టుకున్నాడో నాకు తెలుసు. "పీకావు గదా, కుక్కు మరి" అని అక్క చేతికిచ్చాడు. ఒక్క టోపీ చాల్లేదు. బంగారయ్య మెడలో కండువా తీసి దానికి చుట్టాడు. నూకరత్నం రెండిటినీ కలిపి మడమతో తొక్కి చిల్లులోకి దిగ్గొట్టింది. ఇంతవరకూ నాకు కొట్టిన బిరడాల్లో అంత బిగువైనది మరొకటి లేదు.

పోటు మొదలైంది. బంగారయ్య లంక వైపు చెయ్యి ఊపి కర్రలు కింద పెట్టమని కేకవేశాడు. కొందరు పెట్టారు, కొందరు గొణిగారు, చివరికి అందరూ పెట్టారు. తడి జెండా నా ముక్కున కట్టారు. నేను యానాం వైపు కదిలాను. అన్నేళ్ళుగా రోజూ వెళ్ళిన దారే. ఆ రోజు మాత్రం నా పలకలన్నీ బిగుసుకుపోయాయి. రేవులో సిపాయిల తుపాకులు మా వైపే ఉన్నాయి. ధర్మయ్య టోపీ లేని తలతో ముందు నిలబడి, "దించండిరా, నేనున్నాను" అని అరిచాడు. ఒకటి దిగింది. ఇంకొకటి దిగింది. చివరివాడు బాగా కుర్రాడు, తుపాకీ ఇంకా మా వైపే పట్టుకుని ఉన్నాడు. వాడు దించేదాకా నూకరత్నం గెడ వేయలేదు. కాలి బొటనవేలితో నా అంచుని నొక్కి పట్టుకుని నిలబడింది. ఆ నొక్కుడు ఇప్పటికీ నా ఒంట్లో ఉంది.

వాడూ దించాడు.

మొలలోతులో లంగరు పడింది. తరవాత యానాం చేపలమ్మే ఆడవాళ్ళలో ఒకామె మెట్లు దిగి చీర తడుపుకుంటూ నీళ్ళలోకి వచ్చి జెండా అంచుని కళ్ళకద్దుకుంది. ఆ వెనక ఇంకొకామె. ఆ వెనక ఊరు. ఎవరూ మెట్టు మీదికి ఏమీ తేలేదు. అందరూ మెట్టు దిగి వచ్చారు. ఒక అధికారి పరుగున వచ్చి ఆ పడవ తాడు కోసెయ్యమన్నాడు. అప్పటికే మెట్టు మీదికి చేరిన ధర్మయ్య చేతులు కట్టుకుని, "నాకు ఈత రాదండి" అన్నాడు. పడవవాడి కొడుకు! రేవంతా గొల్లుమంది. ఆ నవ్వు విన్నాక ఆ అధికారికి ఇంకే ఉత్తరువూ నోటికి రాలేదు.

తరవాతిదంతా మీకు పుస్తకాల్లో దొరుకుతుంది. ఆ ఏడాదే యానాం చేతులు మారింది. ఢిల్లీలో, పారిస్‌లో పెద్దలు బల్లల ముందు కూర్చుని ఒప్పందాలు రాసుకున్నారు. అసలు కాగితం మీద పూర్తిగా కుదరడానికి వాళ్ళకి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. వాళ్ళ కాళ్ళకింద చిల్లు లేదు కదా, తొందరేముంది.

మరి నూకరత్నానికి ఏమిచ్చారు? సిపాయిలు ఆమెని లంకోడి పెళ్ళాం అన్నారు. శిబిరంవాళ్ళు సిపాయి అక్క అన్నారు. నిప్పులాంటి ఉద్యమాన్ని నీళ్ళపాలు చేసిందన్నారు కొందరు. టోపీ పోగొట్టినందుకు ధర్మయ్యకి శిక్షపడింది. కొన్నేళ్ళకి ఏ దేశంవాడిగా ఉంటావో తేల్చుకోమంటే అతను పరాసు పౌరుడిగానే ఉండిపోయాడు. జూలై పద్నాలుగున, పరాసుల పండగరోజున, కోటు తొడుక్కునేవాడు. ఆగస్టు పదిహేనున బావ పక్కన నాలో కూర్చుని బావ జెండా కట్టే పద్ధతికి వంకలు పెట్టేవాడు. ఇద్దరూ చచ్చేదాకా తగువుపడ్డారు. చక్కగా, కడుపునిండా, ముసలితనం వచ్చేదాకా తగువుపడ్డారు. ఆమె కోరింది కూడా అంతే.

ఒకసారి రేవులో సభ పెట్టి బంగారయ్యకి శాలువా కప్పారు. అతను మైకు ముందు నిలబడి, "ఇది నాకు కాదండి, పడవకి చిల్లు తెరిసింది మా ఆవిడ" అన్నాడు. జనం హాస్యమనుకుని చప్పట్లు కొట్టి నవ్వారు. అతను మళ్ళీ చెప్పబోతే ఇంకొకరిని పిలిచేశారు. రేవు కింద నాలో కూర్చుని చేపలు తోముతున్న నూకరత్నం అంతా విన్నది. "నవ్వుకోనీ, ఆ పూట నవ్వగలిగారంటే చాలు" అని చేప తిరగేసింది.

నాకు మాత్రం చాల్లేదు. నేను పడవని, సర్దుకుపోవడం నా స్వభావం కాదు.

ఏటి మీద వంతెన వచ్చింది. నాకు పని పోయింది. ఆమె కూడా పోయింది. కొన్నాళ్ళు గట్టున మేకలు నాలో పడుకున్నాయి. తరవాత ఎవరో చూసి, పాత వస్తువు, పనికొస్తుందని నన్ను ఏటి ఒడ్డున పార్కులో పెట్టారు. ఒక వైపు ఒక దేశం రంగులు, ఇంకో వైపు ఇంకో దేశం రంగులు పూశారు. నన్ను అడగలేదు. లోపల మట్టి పోసి బంతిమొక్కలు నాటారు. పక్కన పలక మీద 'ఫ్రెంచివారి కాలపు పడవ' అని రాశారు. నేను ఎప్పుడూ ఫ్రెంచివారి పడవని కాను. కామాడివారి పడవని. నడిమి పలకలో చిల్లు చూసి, అసహ్యంగా ఉందని సిమెంటు పూసేశారు. ఆ సిమెంటు కింద ఇంకా కాస్త ఎర్ర ఉన్ని పోగు, కాస్త నేత పోగు ఒకదానికొకటి పెనవేసుకుని ఉన్నాయి. ఆ సంగతి వాళ్ళకి తెలియదు.

ఏటా తొలివానకి ఆ సిమెంటు పగులుతుంది. తోటమాలి తిట్టుకుంటూ మళ్ళీ పూస్తాడు. మళ్ళీ పగులుతుంది. ఎండవల్లని అతనూ, నాసిరకం సిమెంటువల్లని కాంట్రాక్టరూ అనుకుంటారు. కాదు. నేనే. మట్టి బరువు పెట్టినా, పూలు నాటినా, రంగులు పూసినా, ఆ ఒక్క నోరు మూయడానికి నేను ఒప్పుకోను.

మీరు యానాం వస్తే, సాయంత్రం గాలికి ఆ పార్కులో నడిస్తే, నా పక్కన నిలబడి ఫోటో తీయించుకుంటే తీయించుకోండి. ఆ తరవాత ఒక్కసారి వంగి, బంతిమొక్కల మధ్య ఆ పగులు మీద చెయ్యి పెట్టండి. ఏటి నడుమ మొగుణ్ణీ తమ్ముణ్ణీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, తన కాళ్ళకింద నీళ్ళు తెరిచి, కదలకుండా నిలబడిన ఒక ఆడమనిషి ఉండేది. ఆమె పేరు ఏ పలక మీదా లేదు. కామాడి నూకరత్నం. మీరైనా గుర్తుపెట్టుకోండి.